జోరువానలో మారథాన్ పరుగెత్తడం ఎలా

పేరు నమోదు చేసుకుని, నెలల తరబడి సాధన చేసి, తీరా రేసు వారంలో కుండపోత వాన అని వాతావరణ సూచన కనబడితే ఉత్సాహం సగం అక్కడే నీరుగారిపోతుంది. అలా కానివ్వకండి. వానలో 42.195 కిలోమీటర్లు పరుగెత్తడం శుభ్రంగా కుదిరే పని. మండే ఎండలో పరుగెత్తడం కంటే చాలామందికి ఇదే సుఖం కూడా. కాకపోతే పొడి రోజున చూసీచూడనట్టు వదిలేసే చిన్న విషయాలు వానలో పెద్దవైపోతాయి: సాక్సులో మడత, చొక్కా అంచు కుట్టు, లేసు ముడి, స్టార్ట్ లైన్ దగ్గర నిలబడే ముప్పావుగంట.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. తడిసిన ఒంటితో ఆగిపోవడమే వానలో అసలు ముప్పు. పరుగెత్తేటప్పుడు మనం ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు ముప్పాతిక వంతు వేడిగానే మారుతుంది. ఆ వేడి పుడుతున్నంతసేపూ బట్టలు నీళ్లోడుతున్నా ఒళ్లు తట్టుకుంటుంది. ఆగారా, నడకలోకి దిగారా, ఆ వేడి ఒక్కసారిగా తగ్గిపోతుంది. నీళ్లు మాత్రం గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తూనే ఉంటాయి.

1964 మార్చిలో ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో ఫోర్ ఇన్స్ అనే దూరపు నడక పోటీ వానా గాలీ చలీ మధ్య జరిగింది. ముగ్గురు యువకులు చనిపోయారు. ఆ మరణాలను పరిశీలించినవాడు గ్రిఫిత్ ప్యూ, 1953 ఎవరెస్టు యాత్రలో పాల్గొన్న శరీరధర్మ శాస్త్రవేత్త. తడిసి, పైన గాలి కూడా కొడితే బట్టలు చలిని ఆపే గుణాన్ని చాలావరకు పోగొట్టుకుంటాయనీ, చురుగ్గా కదులుతూ నెట్టుకొచ్చిన మనిషి అలిసి నెమ్మదించగానే ఒంట్లో వేడి పడిపోతుందనీ ఆయన పరిశోధనల్లో తేలింది. మారథాన్‌లో చివరి పది కిలోమీటర్లలో మనం ఉండే స్థితి సరిగ్గా అదే. అందుకని మీ ఏర్పాట్లన్నీ మూడు పనులకోసం జరగాలి: పరుగు మొదలయ్యేదాకా పొడిగా ఉండాలి, మొదలయ్యాక నడకపాలు కాకుండా ముగింపు గీత చేరాలి, చేరగానే పొడిబట్టల్లోకి మారాలి.

ఏ వానో ముందు తేల్చుకోండి

వాన అంటే ఒకటే వాన కాదు. ఉష్ణోగ్రత, గాలి ఈ రెండూ చూడందే ఏం తొడుక్కోవాలో నిర్ణయించకండి.

20 డిగ్రీలు పైబడిన వాతావరణంలో పడే వాన పరుగుకు మేలే చేస్తుంది. చల్లటి నీళ్లు ఎడతెగకుండా ఒంటిమీద పడుతుంటే ఒళ్లు వేడెక్కదు. ఇక్కడ చూసుకోవాల్సింది వాన ఆగిన తరువాతి సంగతి. మబ్బు విడిపోయి ఎండ కాసిందంటే రోడ్డుమీది నీళ్లు ఆవిరై ఉక్కపోత మొదలవుతుంది. గాలిలో తేమ నిండిపోయి చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. వానలో హాయిగా ఉందని పేసు (పరుగు వేగం) పెంచినవాళ్లు ఈ ఉక్కలో కుదేలవుతారు. వాన ఆగిందంటే వేగం తగ్గించుకునే సమయం వచ్చిందని లెక్క.

10 డిగ్రీల లోపు వాన, పైగా ఎదురుగాలి ఉందంటే అది వేరే రేసు. దానికి బట్టలూ వేరే, లక్ష్యమూ వేరే. మధ్యలో, అంటే 10 నుంచి 20 డిగ్రీల్లో, గాలిని బట్టి నిర్ణయించుకోండి. గాలి నెమ్మదిగా ఉంటే మామూలు పరుగు బట్టలు చాలు. ఈడ్చి కొడుతుంటే చేతులకూ ఛాతీకీ ఒక పొర అదనంగా ఉండాలి.

ఒక లాంగ్ రన్ (దూరపు సాధన పరుగు) వానకోసమే వదలండి

సాధన రోజుల్లో వాన పడితే ఇంట్లో కూర్చోకండి. ఉరుములు మెరుపులు లేని వానైతే బయటికి వెళ్లండి, కనీసం రెండు గంటలు తడుస్తూ పరుగెత్తండి. రేసు రోజు వేసుకోబోయే షూ, సాక్సులు, నిక్కరు, టోపీ, బెల్టు అన్నీ అప్పుడే వేసుకోండి. పొడిగా ఉన్నప్పుడు వెన్నలాంటి మెత్తటి నిక్కరు తడిశాక తొడల మధ్య ఎక్కడ ఒరుసుకుంటుందో ఊహించి తెలుసుకోలేం. ఇంటికి వచ్చి స్నానానికి నీళ్లు పోసుకోగానే ఎక్కడెక్కడ మండిందో గుర్తుపెట్టుకోండి. రేసు రోజు వాజలిన్ పూత ఎక్కడ పూయాలో ఆ మంటే చెబుతుంది. వాన కాలం కాకపోతే చొక్కా, సాక్సులు నీళ్లలో ముంచి తొడుక్కుని ఓ గంట పరుగెత్తండి. చూసేవాళ్లకు వింతగా ఉన్నా పని జరుగుతుంది.

ఒంటిమీద ఏముండాలి

నూలు వద్దు. చొక్కా, సాక్సులు, లోదుస్తులు దేనిలోనూ నూలు వద్దు. నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, ఒంటికి అతుక్కుంటుంది, త్వరగా ఆరదు. పాలిస్టర్ లాంటి పల్చటి సింథటిక్ బట్ట, ఒంటికి అంటిపెట్టుకుని ఉండేది వేసుకోండి. వదులుగా ఉంటే తడిశాక వేలాడి అడుగడుగుకూ ఊగుతుంది. ఆ ఊపే చర్మాన్ని ఆకురాయిలా రాస్తుంది.

చాలామంది చేసే పని, వాన అనగానే రెయిన్‌కోట్ తగిలించుకోవడం. వెచ్చటి వానలో అది పనికిరాదు. బయటి నీళ్లు రాకపోయినా లోపలి చెమట బయటికి పోదు, ఐదు కిలోమీటర్లకే లోపల ఉడికిపోతారు. చల్లటి వానలోనైతే మందపాటి కోటు కంటే గాలిని ఆపే పల్చటి జాకెట్ మంచిది. పూర్తిగా తడవకుండా ఏ జాకెట్టూ నాలుగైదు గంటలు కాపాడదు. అది ఆపాల్సింది తడిని కాదు, తడి ఒంటిమీద కొట్టే గాలిని. జిప్పు ముందుభాగంలో ఉండేది చూడండి, వేడెక్కినప్పుడు తెరుచుకోవచ్చు. పొడుగుచేతుల చొక్కాకు బదులు మణికట్టు నుంచి పైదాకా విడిగా తొడిగే స్లీవ్స్ నాకు బాగా నచ్చిన ఏర్పాటు. అవసరం లేనప్పుడు మణికట్టు దాకా లాగేయొచ్చు, చలేసినప్పుడు మళ్లీ పైకి.

టోపీ తప్పనిసరి. ముందుకు అంచు ఉన్న పల్చటి టోపీ ఉంటే వాన కళ్లలో కొట్టదు. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు ఈ అంచు లేకపోతే మూడో కిలోమీటరు నుంచే రోడ్డు మసకబారుతుంది. అద్దాలు తుడుచుకోవడానికి ఏ బట్టా పొడిగా మిగలదు కాబట్టి ముందురోజే ఆవిరి పట్టనివ్వని ద్రవం రాసి ఉంచుకోవడం మంచిది.

చలి వానలో చేతులకు గ్లవ్స్ కావాలి. ఉన్ని గ్లవ్స్ ఒక్కటే అయితే తడిసి ముద్దవుతాయి. లోపల పల్చటి ఉన్ని, పైన డాక్టర్లు వాడే రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. చూడ్డానికి అందంగా ఉండవు గానీ వేళ్లు కొంకర్లు పోకుండా కాపాడతాయి. వేళ్లు కొంకర్లు పోతే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి: దారిలో తినే ఎనర్జీ జెల్ ప్యాకెట్ చింపలేరు, జిప్పు లాగలేరు, ఊడిన లేసు కట్టుకోలేరు, టాయిలెట్‌లో నిక్కరు నాడా ముడి విప్పుకోలేరు. నాడా నీళ్లకు బిగుసుకుపోయి ఉంటుంది, వేలిచివర స్పర్శ ఉండదు, బయట క్యూ ఉంటుంది. అందుకే చలి రేసుకు నాడా లేని, ఎలాస్టిక్ నడుము ఉన్న నిక్కరే ఎంచుకోండి.

బిబ్ నంబరు (బట్టలకు తగిలించే పోటీ నంబరు) ఎక్కడ పెట్టాలో ముందే నిర్ణయించుకోండి. జాకెట్ విప్పే అవకాశం ఉంటే నంబరును నిక్కరుకు గానీ నడుము బెల్టుకు గానీ తగిలించండి. నాలుగు మూలలా పిన్నీసులు పెట్టండి, రెండిటితో సరిపెడితే గాలికి రెక్కలా కొట్టుకుంటుంది. వెనక టైమింగ్ చిప్ ఉంటే దాన్ని మడవకండి.

ఒరుపుకు ముందే పూత

తడి చర్మం, తడి బట్ట కలిస్తే ఒరుపు ఎక్కువవుతుంది. పొడి రోజున గంటన్నరకు మొదలయ్యే మంట వానలో అరగంటకే మొదలవ్వొచ్చు. వాజలిన్ లాంటి పెట్రోలియం జెల్లీ వానకు కొట్టుకుపోదు, అదే దాని గొప్ప. తొడల లోపలివైపు, చంకలు, పిరుదుల మధ్య, నడుము చుట్టూ ఎలాస్టిక్ తగిలేచోట, స్త్రీలకు బ్రా పట్టీల కింద, మెడ దగ్గర కాలరు తగిలేచోట ధారాళంగా పట్టించండి. పొదుపు చేయకండి. చల్లటి రోజైతే మోకాళ్లకూ బుగ్గలకూ కూడా పల్చగా రాసుకోండి, గాలి నేరుగా తగిలినప్పుడు కాస్త అడ్డుగా ఉంటుంది.

మగవాళ్లకు చనుమొనలు ఒరుసుకుపోయి రక్తం కారడం వానరేసుల్లో మామూలు. దీనికి జెల్లీ కంటే మెడికల్ టేపు నమ్మకం. పొడి చర్మానికి, జెల్లీ పూయకముందే అతికించాలి. వరస తప్పితే టేపు పది నిమిషాల్లో ఊడి చొక్కా లోపల తిరుగుతుంటుంది.

పాదాలు

వానలో రేసు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి ఇక్కడ తీరిగ్గా శ్రద్ధ పెట్టండి.

పాదాలు తడవకుండా ఉంచడం అసాధ్యం. ఆ ఆశ ముందే వదులుకుంటే సరైన నిర్ణయాలు తీసుకోగలుగుతారు. వాటర్‌ప్రూఫ్ షూ కొనాలని చాలామందికి అనిపిస్తుంది. జోరువానలో నీళ్లు పైన చీలమండల దగ్గర నుంచి, కాళ్లమీదుగా కారి లోపలికి దిగుతాయి. దిగాక ఆ వాటర్‌ప్రూఫ్ పొర వాటిని బయటికి పోనివ్వదు, చివరిదాకా నీళ్లు నిండిన షూ మోస్తారు. పైభాగం జాలీగా ఉన్న మామూలు రన్నింగ్ షూ అయితే అడుగు వేసినప్పుడల్లా నీళ్లు బయటికి చిమ్ముతుంది. అదే నయం.

అడుగు చూడండి. షూని తిరగేసి అరచేత్తో తడిమితే తెలుస్తుంది. రబ్బరు తక్కువ, ఫోమ్ ఎక్కువ ఉన్న తేలికపాటి రేసు షూలు కొన్ని తడి నేలమీద పట్టు ఇవ్వవు. అరిగిపోయినవి ఇంకా ప్రమాదం. అయితే కొత్త జత రేసు రోజే తొడగకండి, రెండు మూడు పరుగుల్లో కాలికి అలవాటైన తరువాతే.

సాక్సులు పల్చగా, పాదానికి సరిగ్గా సరిపోయేవి ఉండాలి. సింథటిక్ గానీ, సన్నటి ఉన్ని గానీ. వేలు వేలుకూ విడిగా ఉండే సాక్సులు, వేళ్ల మధ్య బొబ్బలు వచ్చేవాళ్లకు బాగా పనిచేస్తాయి. నీళ్లలో గంటల తరబడి నానిన చర్మం తెల్లగా, ముడతలు పడి మెత్తబడుతుంది. ఆ స్థితిలో చిన్న మడత చాలు, బొబ్బ లేవడానికి. కాబట్టి సాక్సు తొడిగాక వేళ్లతో పాదమంతా తడిమి చూడండి. వేళ్ల కింద కుట్టు ఎక్కడుంది, మడమ దగ్గర బట్ట ఉబ్బిందా, అరికాలి కింద గీత ఉందా. మూడు రోజుల ముందే గోళ్లు కత్తిరించుకోండి. బొబ్బలు అలవాటుగా వచ్చే చోట టేపు అంటించి, దాని అంచులు గుండ్రంగా కత్తిరిస్తే కోణాలు లేవవు. తక్కిన పాదానికి, ముఖ్యంగా వేళ్ల మధ్య, జెల్లీ పట్టించండి.

లేసులు తడిస్తే సాగుతాయి, వదులవుతాయి, ఊడతాయి. రెండుముళ్లు వేసి, చివరలు షూ మీది లేసుల కిందికి దోపేయండి. కానీ మరీ బిగించకండి. దూరం పెరిగేకొద్దీ పాదం వాస్తుంది, తడి షూ లోపల ఆ బిగింపు పాదం పైభాగాన్ని నొక్కేస్తుంది.

స్టార్ట్ లైన్ దాకా పొడిగా

రేసు మొదలవ్వకముందే చలికి వణుకుతూ నిలబడటం అంటే దాచుకున్న శక్తిని ఊరికే ఖర్చుపెట్టడం. వణుకు కూడా కండరాల పనే, అదీ కార్బోహైడ్రేట్లనే కాలుస్తుంది. రాత్రి తిన్న అన్నం, పొద్దున తిన్న రొట్టె దానికి ధారపోయకండి.

చెత్తబుట్టలో వేసే పెద్ద ప్లాస్టిక్ కవరు ఒకటి తీసుకుని తలకూ చేతులకూ రంధ్రాలు చేస్తే మంచి తొడుగు తయారవుతుంది. దానికింద పారేసినా బాధలేని పాత స్వెటర్ వేసుకోండి. స్టార్ట్‌కు పాత షూలో, పాత సాక్సులతో వెళ్లండి. రేసు షూ, సాక్సులు పొడి కవర్లో కట్టి పట్టుకెళ్లి, వీలైనంత ఆలస్యంగా, బ్యాగు అప్పజెప్పే కౌంటరు మూసేలోపు మార్చుకోండి. మార్చుకున్నాక షూ మీదుగా ప్లాస్టిక్ కవర్లు తొడిగి చీలమండ దగ్గర ముడేసుకుంటే క్యూలోని బురదను తప్పించుకోవచ్చు. పరుగు మొదలయ్యాక ఎలాగూ తడుస్తారు. అయినా మొదటి ఐదారు కిలోమీటర్లు పొడి సాక్సుతో గడిస్తే చర్మం నానడం ఆమేరకు ఆలస్యమవుతుంది. నా లెక్కలో ఇంత శ్రమకు అది తగిన ఫలితమే.

ఆ కవరును నడిరోడ్డు మీద విసరకండి. తడి రోడ్డుమీది ప్లాస్టిక్ మీద వెనకవాళ్లు జర్రున జారిపడతారు. పక్కకు వెళ్లి, చెత్తడబ్బాలోనో వాలంటీరు చేతిలోనో పెట్టండి.

అప్పజెప్పే బ్యాగులో ఒంటికి తగిలే ప్రతి బట్టకూ మారుజత ఉండాలి: లోదుస్తులతో సహా. తువ్వాలు, వెచ్చటి టోపీ, చెప్పులు కూడా. ఇవన్నీ ముందు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి, తరువాత బ్యాగులో పెట్టండి. ఆరుబయట పేర్చిన బ్యాగులు వానకు తడిసిపోతే మీ పొడిబట్టలు అక్కరకు రావు.

ఫోను తీసుకెళ్తే జిప్పు కవర్లో పెట్టి గాలి తీసేయండి. వాచీకి టచ్ తెర ఉంటే లాక్ చేయండి, లేకపోతే వాన చినుకులే దాన్ని నొక్కి మీ పరుగును మధ్యలో ఆపేస్తాయి.

పరుగు మొదలయ్యాక

ఇంత టైమ్‌లో ముగించాలనే లక్ష్యాన్ని కాసేపు పక్కన పెట్టండి. వెచ్చటి, గాలిలేని వానలో మీ మామూలు పేసు సాధ్యమే. చలి వానలో, ఎదురుగాలిలో కాదు. 2018 ఏప్రిల్ 16న బోస్టన్ మారథాన్‌లో ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు అటూఇటూ, మీద జోరువాన, ఎదురుగాలి. పేరున్న పరుగువీరులు ఎందరో మధ్యలోనే తప్పుకున్నారు. డెజిరే లిండెన్‌కు తొలి మైళ్లలోనే ఒంట్లో బాగోలేదు. తాను మానుకునేలా ఉన్నాననీ, ఏదైనా సాయం కావాలంటే అడగమనీ సాటి అమెరికన్ షలేన్ ఫ్లానగన్‌తో చెప్పింది. ఫ్లానగన్ టాయిలెట్‌కు ఆగితే వెనకబడి ఎదురుచూసి, ఆమెను మళ్లీ గుంపులో కలిపింది. చివరికి ఆ లిండెనే 2 గంటల 39 నిమిషాల 54 సెకన్లలో గెలిచింది, 1985 తరువాత బోస్టన్ గెలిచిన మొదటి అమెరికన్ మహిళ. 1978 తరువాత అక్కడ మహిళల్లో ఇంత నెమ్మదైన గెలుపు లేదు. మగవాళ్లలో గెలిచిన యుకి కవౌచి అప్పటికి జపాన్‌లో ప్రభుత్వోద్యోగం చేసుకుంటూ పరుగెత్తేవాడు. ముందు దూసుకుపోయిన జెఫ్రీ కిరుయిని చివరి రెండు మూడు కిలోమీటర్లలో దాటేసి 2:15:58కి ముగించాడు. ఆ రోజు గెలిచింది చివర్లో కూడా పరుగులో మిగిలినవాళ్లు.

కాబట్టి మొదటి పది కిలోమీటర్లు మాటలాడగలిగేంత తేలిగ్గా వెళ్లండి. వాచీలో పేసు కంటే ఊపిరిని నమ్ముకోండి. ముందు దూకుడుగా వెళ్లి ముప్పయ్యో కిలోమీటరులో నడక పడితే మామూలు రోజున నష్టపోయేది సమయం ఒక్కటే. చలి వానలో నడక మొదలైన పది పదిహేను నిమిషాలకే వణుకు పట్టుకుంటుంది.

ఎదురుగాలి ఉంటే ఒంటరిగా పోకండి. ముందు చెప్పిన ప్యూయే 1971లో మరో ప్రయోగం ప్రచురించాడు. సెకనుకు 6 మీటర్ల గాలిలో ఇంకొకరి వెనక ఒక మీటరు దూరంలో పరుగెత్తితే ఆక్సిజన్ ఖర్చు 6.5 శాతం తగ్గిందని అందులో చూపించాడు. మన వేగానికి లాభం అంత ఉండకపోవచ్చు, గాలి గట్టిగా కొట్టేటప్పుడు మాత్రం తేడా ఒంటికే తెలుస్తుంది. నలుగురైదుగురు కలిసి గుంపుగా వెళ్లండి, వంతులవారీగా ముందుకు రండి. ఎప్పుడూ ఇంకొకరి వీపు వెనకే దాక్కోవడం మర్యాద కాదు.

రోడ్డును చదువుతూ పరుగెత్తాలి. తెల్లరంగు వేసిన గీతలు, జీబ్రా క్రాసింగులు, మ్యాన్‌హోల్ మూతలు, ఇనుప జాలీలు, పట్టాలు, రాలిన ఆకులు, పాచిపట్టిన అంచులు తడిస్తే అద్దంలా నున్నగా అవుతాయి. వీటిమీద కాలు పడటం తప్పదనుకుంటే తిన్నగా, పొట్టి అడుగుతో దాటండి. జారేది మలుపులోనే, మడమను ముందుకు చాచి వేసినప్పుడే. వంతెనల దిగుడు, అండర్‌పాస్ దిగుడు వస్తే అడుగులు చిన్నవి చేసి జోరు తగ్గించండి. నీటిగుంటను ఎగిరి దాటబోతే దిగేచోట జారతారు. పక్కకు తప్పుకునే చోటుంటే తప్పుకోండి, లేకపోతే నెమ్మదించి అందులోంచే వెళ్లండి. కానీ అడుగు కనబడని లోతైన మురికినీళ్లలో మాత్రం కాలు పెట్టకండి, కింద గుంత ఉందో మూతలేని మ్యాన్‌హోల్ ఉందో తెలియదు. పక్కకు తప్పుకునే ముందు ఒకసారి వెనక్కి చూడండి, వానచప్పుడులో వెనకవాళ్ల అడుగులు వినబడవు.

తిండి, నీళ్ల విషయంలో రెండు పొరపాట్లు జరుగుతాయి. చలికి ఆకలి, దాహం అనిపించక ఏమీ తీసుకోకపోవడం ఒకటి. తడుస్తున్నాం కదా, దాహమే వేయదులే అని మొత్తానికి మరిచిపోతారు. గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు వానలోనూ కావాలి. జెల్ చింపడం కష్టమవుతుంది కాబట్టి ప్యాకెట్ల అంచుకు ముందే చిన్న గాటు పెట్టి ఉంచండి, లేదా నోటితో తెరిచేలా మూత ఉన్న చిన్న సీసాలో పోసుకోండి. రెండో పొరపాటు, దారిలో నీళ్లు అందించే ప్రతి ఎయిడ్ స్టేషన్‌లోనూ అలవాటుగా తాగేయడం. చల్లటి వానలో చెమట తక్కువ. అవసరానికి మించి తాగితే రక్తంలో సోడియం పలచబడి హైపోనాట్రీమియా వస్తుంది: తలనొప్పి, వికారం, అయోమయం, ముదిరితే ఫిట్స్. దాహాన్ని బట్టి తాగండి. చలికి మూత్రం ఎక్కువగా రావడం మామూలే, దానికి భయపడి మరింత తాగకండి.

ఎయిడ్ స్టేషన్లలో ఆగి నిలబడకండి. గ్లాసు అందుకుని మెల్లగా కదులుతూనే తాగండి. అక్కడ గంటలకొద్దీ తడుస్తూ నిలబడ్డ వాలంటీర్లకు ఒక ధన్యవాదం చెప్పండి. వాళ్లకు మనలా పరుగు వేడి లేదు.

ఎప్పుడు ఆపేయాలి

ఉరుము వినబడిందంటే మెరుపు మీ దగ్గరికి రాగల దూరంలో ఉన్నట్టే. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు ఉంటే పిడుగు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉందని లెక్క, ఎందుకంటే ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. అంతకంటే తక్కువైతే నిర్వాహకులు చెప్పేదాకా ఆగకుండా గట్టి భవనంలోకో, మూసి ఉన్న వాహనంలోకో వెళ్లండి. చెట్టు కింద, టెంటు కింద వద్దు. ఆఖరి ఉరుము తరువాత 30 నిమిషాలు బయటికి రావద్దు. వేలాడే కరెంటు తీగలు, నీళ్లలో నిలిచిన స్తంభాలు కనబడితే చాలా దూరంగా తప్పుకోండి.

చలి విషయానికొస్తే, ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని హైపోథెర్మియా అంటారు. మొదట పళ్లు టకటకలాడేంత వణుకు. తరువాత వేళ్లు మాట వినవు, మాట ముద్దముద్దగా వస్తుంది, అడుగు తడబడుతుంది, చిన్న లెక్క కూడా తేలదు. వణుకు ఆగిపోయి, చలే లేదనిపించడం మెరుగుపడిన గుర్తు కాదు, అది మరీ ప్రమాదకరమైన దశ. అప్పటికి మనకు మనమే గుర్తించే శక్తి ఉండదు కాబట్టి పక్కవాళ్లను గమనిస్తూ ఉండండి. ఎవరైనా అడిగినదానికి పొంతనలేని జవాబు చెబితే వాళ్లను పట్టుకుని మెడికల్ టెంటుకు తీసుకెళ్లండి. మీ టైమ్ పోతే పోతుంది.

2021 మే 22న చైనాలోని గాన్సులో కొండదారుల్లో జరిగిన 100 కిలోమీటర్ల పోటీలో ఉన్నట్టుండి వడగళ్లు, గడ్డకట్టే వాన, ఈదురుగాలి విరుచుకుపడ్డాయి. 21 మంది చనిపోయారు, వాళ్లలో మేటి పరుగువీరులూ ఉన్నారు. ఒక గొర్రెల కాపరి గుహలోకి చేర్చి నిప్పు రాజేయబట్టి ఆరుగురు బతికారు. ఊరి మధ్య రోడ్డు మారథాన్‌లో సాయం దగ్గర్లోనే ఉంటుంది. కాబట్టి వణుకు ఆపుకోలేని స్థితి వస్తే మొదటి ఎయిడ్ స్టేషన్‌లోనే తప్పుకోండి.

గీత దాటిన మొదటి పది నిమిషాలు

ఫోటోలు తరువాత. మెడల్ తీసుకుని నేరుగా బ్యాగు దగ్గరికి నడవండి, ఆగి కబుర్లు పెట్టుకోకండి. వేడి పుట్టడం ఆగిపోయింది, ఒళ్లు తడిసే ఉంది. పరుగు ఆపిన తరువాత కూడా కాసేపు లోపలి వేడి తగ్గుతూనే ఉంటుంది. గీత దగ్గర ఇచ్చే వెండిరంగు రేకు దుప్పటి గాలిని ఆపుతుంది గానీ తడిబట్టలను ఆరబెట్టదు. దాన్ని కప్పుకుని గంటసేపు కూర్చోవడం పొరపాటు.

ముందు తల తుడుచుకుని పొడి టోపీ పెట్టుకోండి. చొక్కా, లోదుస్తులు, తరువాత కింది బట్టలు మార్చుకోండి. చివర్లో సాక్సులు. వేళ్లు పనిచేయకపోతే సిగ్గుపడకుండా ఎవరినైనా సాయం అడగండి. తరువాత వెచ్చటి తీపి పానీయం, కాస్త తిండి. ఒళ్లు కాస్త తేరుకున్నాక వేడినీళ్ల స్నానం. కొంకర్లు పోయిన చేతులను మరిగే నీళ్లలో ముంచకండి, స్పర్శ లేనప్పుడు కాలినా తెలియదు.

ఇంటికి రాగానే పాదాలు సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య కూడా ఆరనిచ్చి, గాయాలు చూసుకోండి. చిన్న బొబ్బను చితక్కొట్టకండి. పగిలిపోయినదాన్ని శుభ్రం చేసి కట్టు కట్టండి. షూ లోపలి అట్టలు తీసి విడిగా ఆరేయండి, షూలో పాత న్యూస్‌పేపర్ ఉండలు చుట్టి కూరి రెండు మూడు గంటలకోసారి మార్చండి. ఎండలోనో హీటరు ముందో పెడితే జిగురు ఊడుతుంది, ఫోమ్ గట్టిపడుతుంది. నీడలో, ఫ్యాను గాలికి ఒకటి రెండు రోజులు ఓపిక పట్టాలి.

దారిలో మురికినీళ్లు మోకాళ్లదాకా తగిలి, కాలిమీద కోతలో, పగిలిన బొబ్బలో ఉంటే ఒక జాగ్రత్త అవసరం. ఎలుకల మూత్రం కలిసిన వరదనీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ వచ్చే అవకాశం ఉంది. తరువాతి మూడు నాలుగు వారాల్లో జ్వరం, విపరీతమైన ఒళ్లునొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే దాన్ని పరుగు అలసట అనుకుని వదిలేయకండి. డాక్టరు దగ్గరికి వెళ్లి, ఫలానా రోజు వరదనీళ్లలో పరుగెత్తానని మొదటే చెప్పండి.